కండరం కరిగిన ఒంటికి డై ఎక్కించే ముందు

(కండరాల జబ్బు ఉన్నవారి కుటుంబాల కోసం పర్లాకిమిడిలో ఒక రేడియాలజిస్టు చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో అమ్మలకు వినబడుతోందా? ఆ బాబు చక్రాల కుర్చీని కొంచెం ఇటు, ఫ్యాను కిందికి తీసుకురండి తల్లీ. ఆ, అక్కడ బావుంది.

నేను స్కానింగు డాక్టర్ని. స్కాన్ తీయించి, చూసి, రిపోర్టు రాసేవాణ్ణి. బరంపురంలో కొన్నాళ్లు, విశాఖలో చాలాకాలం పనిచేసి మళ్లీ ఈ వైపు వచ్చాను. మీలో చాలామంది నా రిపోర్టు చూసి ఉండొచ్చు, నా ముఖం చూసి ఉండరు. మేం రోగిని చూసేది పది నిమిషాలు, అదీ అద్దం అవతల నుంచి. ఈవేళ అద్దం లేకుండా మీ ఎదుట కూర్చునే అవకాశం ఇచ్చారు. చాలా సంతోషంగా ఉంది.

నన్ను పిలిచినవాళ్లు అడిగింది ఒక్కటే. కండరాల జబ్బు ఉన్నవాళ్లకి డై ఎక్కించొచ్చా, ఎక్కించకూడదా, తేల్చి చెప్పండి అన్నారు. ఒక్క మాటలో తేలేదైతే ఫోనులోనే చెప్పేసి ఉండేవాణ్ణి. ఎవరికి, ఏ డై, ఎందుకు, ఎక్కించాక ఎవరు చూసుకుంటారు, ఇవన్నీ అడిగితే గానీ జవాబు రాదు. అందుకే రమ్మంటే వచ్చాను.

ముందు ఆ డై ఏమిటో చూద్దాం. రంగుమందు అంటాం. మొన్న ఒక పెద్దాయన అడిగారు, 'ఏటి బాబూ, ఈ రంగు నరాల్లో అంటుకుపోతాదా?' అని. దానికి రంగే లేదండి. సీసాలో నీళ్లలాగే ఉంటుంది. సీటీ స్కాన్‌లో వాడే దాంట్లో అయోడిన్ ఉంటుంది. అయోడిన్ ఎక్స్‌రేని అడ్డుకుంటుంది, అందుకే రక్తనాళాలు తెల్లగా కనిపిస్తాయి. ఎమ్మారైలో వాడేది వేరే మందు, అందులో గాడొలీనియం అనే లోహం ఉంటుంది. రెండింటినీ జనం డై అనే అంటారు. రెండూ రెండు రకాల మందులు, వాటి ప్రమాదాలూ వేరు. మీ ఫైల్లో 'డై పడలేదు' అని రాసి ఉంటే, ఏ డై పడలేదో కూడా రాయించుకోండి.

అయోడిన్ మందుల్లో పాతవి చాలా చిక్కనివి. రక్తం చిక్కదనం 290 అనుకుంటే అవి 1500 పైమాటే. ఒంట్లోకి వెళ్లగానే మంట, వాంతి, బీపీ పడిపోవడం. 1980ల నుంచి వచ్చిన కొత్తవి 600 నుంచి 800 మధ్య ఉంటాయి. ఒకటి రెండు సరిగ్గా రక్తమంతే ఉంటాయి. ఇప్పుడు దాదాపు అందరూ వాడేవి ఈ కొత్తవే. మీరు ఎక్కడైనా పాత పుస్తకంలో చదివిన భయాల్లో కొన్ని ఆ పాత మందులవి.

ఇక కండరాల జబ్బు. ఇదీ ఒకటి కాదు. మన వంశధార కాలవ గుర్తు తెచ్చుకోండి. నీళ్లు కాలవలో వస్తాయి, మదుము దగ్గర మలుపు తిరుగుతాయి, పొలంలో పారతాయి. నరం కాలవ. కండరం పొలం. నరం కండరాన్ని తాకేచోటు మదుము. కాలవ పూడితే ఒక రకం జబ్బు: గిలన్ బారీ, ఏఎల్‌ఎస్, ఎస్‌ఎంఏ. మదుము మూసుకుపోతే మయస్థీనియా. పొలమే చవుడు తేలితే డుషెన్ లాంటి డిస్ట్రోఫీలు. మూడింట్లోనూ పైరు ఎండిపోతుంది, చూసేవాళ్లకి ఒకలాగే కనిపిస్తుంది. డై విషయంలో మాత్రం మూడింటి కథా మూడు దారులు.

మదుము నుంచి మొదలుపెడతాను. ఎందుకంటే ఇందులో నా తప్పు ఒకటి ఉంది, అది చెప్పకుండా మిగతావి చెప్పడం నాకు ఇష్టం లేదు.

చాలా ఏళ్ల క్రితం. ఇచ్ఛాపురం వైపు నుంచి అరవై దాటిన రైతు ఒకాయన ఛాతీ సీటీకి వచ్చారు. చీటీలో 'ఛాతీ సీటీ, డైతో' అని ఉంది. ఇంకేమీ లేదు. కిడ్నీ పనితనం చూసే క్రియాటినిన్ పరీక్ష బావుంది. ఎలర్జీ ఉందా అని అడిగాను, లేదన్నారు. ఎక్కించాం, తీశాం, పంపించాం. సాయంత్రం బస్‌స్టాండులో టీ తాగబోతే టీ ముక్కులోంచి వచ్చింది. రాత్రికి రెప్పలు వాలిపోయాయి. తెల్లారేసరికి ఊపిరి అందక ఆస్పత్రిలో చేర్చారు. ఆయనకి మయస్థీనియా. ఛాతీలో థైమస్ గ్రంథి కోసమే సీటీ రాశారు. మయస్థీనియా ఉన్నవాళ్లలో పదిమందిలో ఒకరికో, కాస్త ఎక్కువమందికో ఆ గ్రంథిలో గడ్డ ఉంటుంది కాబట్టి ఆ స్కాన్ అందరికీ రాస్తారు. ఛాతీ సీటీ అనగానే 'ఎందుకండీ?' అని నేను అడగాల్సింది. అడగలేదు.

ఆయన కోలుకున్నారు, వారం పైనే పట్టింది. తర్వాత వాళ్ల అమ్మాయితో కూర్చుని ఆ రోజంతా గంట గంటకీ రాసుకున్నాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. 'ఖాళీ కడుపుతో రండి' అని మా సెంటరు నుంచే చెప్పారు. ఆయన ముందురోజు రాత్రి నుంచి ఏమీ తీసుకోలేదు. ఏమీ అంటే ఏమీ. నీళ్లు తాగలేదు, మాత్రా వేసుకోలేదు. కండరాల బలం నిలిపే పిరిడోస్టిగ్మిన్ మాత్ర, మీలో మయస్థీనియా ఉన్నవాళ్లందరికీ తెలుసు, దాని బలం మూడు నాలుగు గంటలు, మహా అయితే ఆరు గంటలు. ఆయన ఆ మాత్ర మూడు పూటలు మానేశారు. స్కాన్‌కి వచ్చారు కదా, డాక్టరు వద్దన్నారు కదా, అని.

మరి ఆయన్ని కూలదోసింది డైయా, మానేసిన మాత్రలా? నాకు ఈరోజుకీ తెలియదు. ఈ ప్రశ్న ఒక్క నాదే కాదు, ప్రపంచంలో దీన్ని చదివినవాళ్లందరిదీ. 2013లో రేడియాలజీ అనే పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మయస్థీనియా ఉన్నవాళ్ల పాత రికార్డులు తీశారు. డైతో సీటీ చేయించుకున్న 112 మందిలో ఏడుగురికి ఒక రోజు లోపల జబ్బు ముదిరింది. డై లేకుండా చేయించుకున్న 155 మందిలో ఒక్కరికి. తేడా కనిపిస్తోంది కదా? కనిపిస్తోంది. ఐతే డై ఎవరికి ఎక్కిస్తారు? ఒంట్లో ఏదో జరుగుతోందని అనుమానం ఉన్నవాళ్లకి, జ్వరంతో ఉన్నవాళ్లకి, గడ్డ ఉన్నవాళ్లకి. అంటే ముందే నలతగా ఉన్నవాళ్లకి. మయస్థీనియాకి జ్వరం చాలు ముదరడానికి. తర్వాత వచ్చిన మరికొన్ని పరిశీలనల్లో, ముదిరినవాళ్లలో చాలామందికి వేరే కారణాలు దొరికాయి. అందుకే పెద్ద పెద్ద మార్గదర్శకాలు కూడా దీన్ని ఇంకా తేలని విషయంగానే ఉంచాయి.

పాత మందుల విషయంలో ఒక కారణం చెప్పేవారు. నరం చివర నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలైతేనే మదుము తెరుచుకుంటుంది. ఆ విడుదలకి కాల్షియం కావాలి. పాత డైల్లో కలిపే కొన్ని పదార్థాలు కాల్షియంని పట్టేసుకునేవి. మామూలు మనిషికి ఆ కాస్త తగ్గినా తెలియదు. మయస్థీనియా మనిషి బతికేదే ఆ కాస్త మీద.

కాబట్టి నేను ఏం చేస్తున్నానో చెబుతాను. మయస్థీనియా ఉందని డై మానేయమనను. థైమస్‌లో గడ్డ ఉందో లేదో చూడ్డానికి చాలాసార్లు డై లేని సీటీ సరిపోతుంది, అది రాసిన డాక్టరుతో ఫోనులో మాట్లాడి తేల్చుకుంటాను. గడ్డ ఉంది, పక్కనున్న రక్తనాళాలకి అంటుకుందా అని చూడాలంటే డై కావాలి, అప్పుడు ఎక్కిస్తాను. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉందేమో అన్న అనుమానం ఉంటే నిమిషం ఆలోచించకుండా ఎక్కిస్తాను. ఆ గడ్డ ప్రాణం తీస్తుంది. మింగడం కష్టమవుతోంది, మాట ముద్దగా వస్తోంది, ఊపిరి చాలట్లేదు, ఈ దశలో ఉన్న మనిషికైతే, ఆగగలిగే స్కాన్ ఆపుతాను.

ఎక్కించాక గంటో అరగంటో కూర్చోబెట్టి పంపడం వీళ్లకి చాలదు. ఆ రాత్రి ఊళ్లో ఉండండి. గుణుపురం బండి ఎక్కేసి, దిగి, అక్కడ నుంచి ఆటోలో కొండ దారి పట్టకండి. ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి చెబుతాను, రాసుకోండి. గుండె నిండా ఊపిరి తీసుకుని, మళ్లీ ఊపిరి తీయకుండా ఒకటి, రెండు, మూడు అని పైకి లెక్కపెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి 40, 50 దాకా వెళ్తాడు. స్కాన్‌కి బయల్దేరే ముందు ఎంత వచ్చిందో రాసి పెట్టుకోండి. రాత్రి మళ్లీ చూడండి, పొద్దున్న మళ్లీ చూడండి. పొద్దున్న 35 వచ్చినాయనకి రాత్రి 18 వస్తే తెల్లారేదాకా చూద్దామనుకోకండి, అప్పుడే ఆస్పత్రికి బయల్దేరండి.

ఇప్పుడు డిస్ట్రోఫీ పిల్లల అమ్మానాన్నలు కొంచెం దగ్గరికి జరగండి. మీ గురించి చెప్పేదే ఈవేళ అన్నిటికన్నా ముఖ్యమైనదని నా లెక్క.

డై ఎక్కించే ముందు మిమ్మల్ని ఏం అడుగుతారు? క్రియాటినిన్ ఎంత అని. ఈ ప్రాంతంలో ఆ మాట తెలియని ఇల్లు లేదు. పక్కనే ఉద్దానం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు. అక్షరం రాని ముసలమ్మ కూడా 'నా కిరాటిన్ ఐదు నాయినా' అని చెబుతుంది. జీడితోటల మధ్య ఎన్ని ఇళ్లలో డయాలసిస్ ఫైళ్లు ఉన్నాయో మీకు నాకన్నా ఎక్కువ తెలుసు.

సరే, ఆ క్రియాటినిన్ ఎక్కడ నుంచి వస్తుంది? ఎవరైనా చెప్పండి. కిడ్నీ నుంచి అన్నారు అక్కడెవరో. కాదండి. అందరూ అలాగే అనుకుంటారు, కొందరు డాక్టర్లు కూడా హడావుడిలో అలాగే నడుచుకుంటారు. అది కండరం నుంచి వస్తుంది. కండరంలో క్రియాటిన్ అనే పదార్థం ఉంటుంది, రోజూ అందులో నూటికి ఒకటి రెండు వంతులు క్రియాటినిన్‌గా మారి రక్తంలో కలుస్తుంది. కిడ్నీ దాన్ని బయటకు పారబోస్తుంది. కిడ్నీ చేసేది పారబోయడమే.

మీ ఇంటి ముంగిలి అనుకోండి. రోజుకి పది కడవల నీళ్లు పారే ముంగిలికి తూము మూసుకుపోతే సాయంత్రానికి మడమలోతు నీళ్లు నిలుస్తాయి, వెంటనే తెలిసిపోతుంది. రోజుకి రెండు చెంబులే పారే ముంగిలికి తూము ముప్పావు వంతు మూసుకుపోయినా నేల పొడిగానే ఉంటుంది. చూసినవాడు తూము భేషుగ్గా ఉందంటాడు. మీ పిల్లల ఒంట్లో ఉన్నది రెండు చెంబుల నీళ్లు. కండరం కరిగిపోయింది కదమ్మా, క్రియాటినిన్ ఎక్కడ నుంచి వస్తుంది?

లెక్కతో చెబుతాను. డుషెన్ ఉన్న కుర్రవాడి క్రియాటినిన్ 0.2, 0.3 ఉండటం మామూలు. వాడికి ఒకరోజు వాంతులు, విరేచనాలు అయ్యాయి, కడుపు నొప్పి, సీటీకి తెచ్చారు. రక్తం తీస్తే 0.9 వచ్చింది. ల్యాబు కాగితంలో 0.9 పక్కన నక్షత్రం గుర్తు ఉండదు, ఎర్ర అక్షరాలు ఉండవు, నార్మల్ అని ఉంటుంది. నలభై ఏళ్ల మామూలు మగమనిషికి 0.9 ఉంటే కంప్యూటరు లెక్కలో కిడ్నీ పనితనం 110 అని వస్తుంది. బ్రహ్మాండం అన్నమాట. కానీ వీడికి? 0.3 నుంచి 0.9 అంటే మూడు రెట్లు. తన మామూలుకి మూడు రెట్లు పెరగడాన్ని కిడ్నీ వైద్యుల అంతర్జాతీయ ప్రమాణాల్లో హఠాత్తుగా కిడ్నీ దెబ్బతినడంలో మూడో దశ అంటారు. మూడే దశలు ఉన్నాయి. మూడోది ఆఖరిది.

మళ్లీ చెబుతున్నాను. కాగితం నార్మల్ అంటోంది. కిడ్నీకి తగిలిన దెబ్బ మూడో దశలో ఉంది. ఒకే రక్తం, ఒకే రోజు.

పాత రిపోర్టు పక్కన లేకపోతే నాకూ తెలియదు, ఇంకెవరికీ తెలియదు. అందుకే మీరు ఇంటికెళ్లగానే చేయాల్సిన పని ఇది. ఫైల్లో ఉన్న పాత రిపోర్టులన్నీ తీసి, క్రియాటినిన్ అంకెలన్నీ తేదీలతో ఒకే కాగితం మీద రాయండి. నిలువుగా, ఒకదాని కింద ఒకటి. స్కాన్‌కి వెళ్లినప్పుడు ఆ కాగితం ముందు పెట్టండి. 'మావాడి మామూలు 0.3 డాక్టరుగారూ' అని చెప్పండి. ఆ ఒక్క మాటకి ఏ రేడియాలజిస్టు అయినా ఆగుతాడు.

క్రియాటినిన్‌ని నమ్మలేనప్పుడు వేరే దారి ఉందా? ఉంది. సిస్టాటిన్ సి అని రక్తపరీక్ష. అది ఒంట్లో దాదాపు అన్ని కణాల నుంచీ వస్తుంది, కండరం తరిగినా దాని లెక్క మారదు. ఇక్కడ చేయకపోవచ్చు, పెద్ద ల్యాబుకి రక్తం పంపిస్తారు. ఒక జాగ్రత్త ఉంది. డుషెన్ పిల్లలు స్టెరాయిడ్ వాడుతుంటారు, ప్రెడ్నిసొలోన్‌గానీ డెఫ్లజాకార్ట్‌గానీ. స్టెరాయిడ్ వాడితే సిస్టాటిన్ కొంచెం ఎక్కువ చూపించొచ్చు. థైరాయిడ్ తేడా ఉన్నా ఆ లెక్క అటో ఇటో మారొచ్చు. ఆ మాట చెప్పి చేయించండి. అదీ దొరకకపోతే 24 గంటల మూత్రం పట్టి చేసే పాత పరీక్ష ఉంది. పిల్లవాడి మూత్రం రోజంతా పట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆగగలిగే స్కాన్ అయితే ఆ కష్టం పడటానికి విలువుంది.

ఇంకో సంగతి న్యాయంగా చెప్పాలి. డై వల్ల కిడ్నీ పాడవుతుందన్న భయం ఒకప్పుడు మేం అనుకున్నంత పెద్దది కాదని ఈమధ్య తేలుతోంది. కిడ్నీ పనితనం 30 కంటే పైన ఉన్నవాళ్లకి నరానికి ఎక్కించే కొత్త డైలతో ముప్పు బాగా తక్కువ. 30 కంటే కిందున్నవాళ్ల గురించే ఆలోచించాలి. ఐతే మన చిక్కంతా అక్కడే ఉంది కదా? కండరాల జబ్బు ఉన్నవాళ్లలో 30 కింద ఉన్నదెవరో మామూలు కాగితం చెప్పదు. ఉద్దానం లాంటిచోట, ఇంట్లో తండ్రికో తాతకో కిడ్నీ జబ్బు ఉన్నచోట, కొడుక్కి డిస్ట్రోఫీ కూడా ఉంటే ఎవరు పట్టుకుంటారు? ఆ కుర్రవాడి క్రియాటినిన్ 1.0 చూసి 'కిడ్నీలు బావున్నాయి' అని ఏళ్ల తరబడి ఇంటికి పంపిస్తారు. ఈ ఊహ నన్ను నిద్రపోనివ్వదు.

నీళ్లు బాగా తాగించి తీసుకురండి. కొత్త డైలకి ఉపవాసం ఉండక్కర్లేదని యూరప్ రేడియాలజీ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మత్తు ఇచ్చే పని ఉంటేనో, కడుపుకి సంబంధించిన ప్రత్యేకమైన స్కాన్ అయితేనో వేరే సంగతి, అప్పుడు చెప్పినట్టు వినండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఆ రెండు మూడు రోజులు వద్దు. అలాగని సెలైన్ సీసాలు మీద సీసాలు ఎక్కించమని అడక్కండి. డుషెన్ గుండె కండరాన్ని కూడా తినేస్తుంది. బలహీనమైన గుండెకి ఎక్కువ నీళ్లు భారం. ఎంత ఎక్కించాలో గుండె స్కాన్ చూసిన డాక్టరు చెప్పాలి.

అసలు అక్కర్లేని డై గురించి కూడా చెప్పాలి. ఇది వింటే మీలో కొందరికి మీ ఇంటి కథే అనిపిస్తుంది. నాలుగైదేళ్ల గుంటడు, తరచూ పడిపోతున్నాడు. దేనికో రక్తపరీక్ష చేస్తే ఎస్‌జీపీటీ 300 అని వచ్చింది. లివరు పాడైందన్నారు. ఊళ్లో పసరు పోయించారు, పత్యం పెట్టించారు. తగ్గలేదు. పట్నం తీసుకెళ్తే కడుపు సీటీ, డైతో. లివరు శుభ్రంగా ఉంది. అయినా అంకె తగ్గదు. మళ్లీ ఆర్నెల్లకి ఇంకో సీటీ. ఇలా తిరిగీ తిరిగీ ఏడో ఏట నా దగ్గరికి వచ్చారు. వాడు టేబుల్ దిగుతున్నప్పుడు చూశాను. నేల మీద కూర్చున్నవాడు లేవాలంటే మోకాళ్ల మీద, తొడల మీద చేతులు వేసుకుని ఒళ్లంతా పైకి ఎక్కించుకుంటున్నాడు. పిక్కలు లావుగా ఉన్నాయి.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ లివరులోనే ఉండవండి, కండరంలోనూ ఉంటాయి. కండరం చితికిపోతుంటే అవి రక్తంలోకి వస్తాయి. కండరం చితికితే రక్తంలో పెరిగే పదార్థాన్ని కొలిచే సీకే అని ఒక్క పరీక్ష చేస్తే చాలు. ఆ పిల్లవాడికి చేస్తే వేలల్లో వచ్చింది. జీజీటీ అనే ఇంకో పరీక్ష ఉంది, అది లివరుదే, కండరానిది కాదు. వాడికి మామూలుగా ఉంది. ఒక్క సీకే ముందు చేసి ఉంటే రెండు సీటీలు, రెండు డోసుల డై, అంత రేడియేషను, రెండేళ్ల కాలం మిగిలేవి. ఆ రెండేళ్లు వాడు నడవగలిగిన సంవత్సరాలమ్మా. స్టెరాయిడ్ మొదలుపెట్టాల్సిన కాలం అది. ఇక్కడ ఆశా కార్యకర్తలు ఉన్నారని చెప్పారు. మీ దయ, పడిపోతున్న మగపిల్లాడికి లివరు అంకెలు ఎక్కువ ఉన్నాయంటే సీకే అడగండి.

ఎమ్మారై డై సంగతి తొందరగా చెప్పేస్తాను. కండరాలు ఎంత కరిగాయో, ఎక్కడ కొవ్వు చేరిందో చూసే ఎమ్మారైకి మామూలుగా డై అవసరం లేదు. వట్టి స్కానే చూపిస్తుంది. డుషెన్ గుండెకి చేసే ఎమ్మారైలో మాత్రం డై ఉపయోగం నిజంగా ఉంది, గుండె కండరంలో మచ్చ ఎక్కడ మొదలైందో ఎకో, అంటే గుండె అల్ట్రాసౌండు కంటే ముందే చూపిస్తుంది. చర్మం గట్టిపడిపోయే జబ్బు ఒకదానికి గాడొలీనియంతో సంబంధం ఉందని 2006లో బయటపడింది, అది కిడ్నీలు బాగా పాడైనవాళ్లలోనే వచ్చింది. పాతరకం మందుల్లో కొన్నిటిని, ఆ లోహం మెదడులో మిగిలిపోతోందన్న కారణంతో, యూరప్ 2017లో నిలిపేసింది. ఇప్పటి మందులతో ఆ చర్మం జబ్బు అత్యంత అరుదు. అయినా కిడ్నీ లెక్క ఇక్కడా కావాలి, అంటే నేను ఇందాక చెప్పిన కాగితం ఇక్కడా కావాలి. మయస్థీనియా ఒక రోగిలో ఈ మందు తర్వాత ముదిరిందని 1992లో లాన్సెట్ పత్రికలో వచ్చింది, అందుకని దీనిక్కూడా ఆ రాత్రి కాపలా ఉండాల్సిందే.

డైకి సంబంధం లేకపోయినా, స్కాన్ గదిలో వీళ్లకి జరిగే ప్రమాదాలు కొన్ని ఉన్నాయి. ఎమ్మారైలో మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి అరగంట, ముప్పావు గంట ఉంచుతాం. చేతిలో రబ్బరు బంతి పెట్టి 'ఇబ్బందిగా ఉంటే నొక్కండి' అంటాం. ఏఎల్‌ఎస్ ఉన్నాయన ఆ బంతిని నొక్కగలడా? కేక వేయగలడా? ఊపిరి పీల్చే కండరం డయాఫ్రమ్ బలహీనమైనవాళ్లు ఇంట్లో రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటారు, ఆ దిండ్ల సంగతి ఎవరూ మాకు చెప్పరు. డై పడక ఒళ్లు దద్దుర్లొచ్చి గొంతు పట్టేస్తుంటే, ఆ మనిషి మాకు సైగ చేయలేడు. కాబట్టి బంతి నొక్కలేని మనిషి అని ముందే చెప్పండి. ఒంటి మీద లోహం లేకుండా చూసి, మీలో ఒకరిని లోపల నిలబెట్టమని అడగండి. కాలి వేలితోనో కనురెప్పతోనో సైగ ముందే ఒప్పందం చేసుకోండి.

మింగలేనివాళ్లకి నోటితో ఇచ్చే డై ఇంకో గండం. పొరబోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందులోనూ చిక్కటి అయోడిన్ మందు ఊపిరితిత్తుల్లో పడితే నీరు పట్టేస్తుంది, ప్రాణం మీదకి వస్తుంది. పొరబోతోందని చెబితే మేం వేరే రకం వాడతాం, లేదా అసలు ఇవ్వం. పిల్లవాడు కదలకుండా ఉండటానికి మత్తు ఇస్తామంటే 'మావాడికి డిస్ట్రోఫీ' అని మత్తు డాక్టరుకి మీ నోటితో చెప్పండి. సక్సినైల్‌కోలిన్ అనే మందు వీళ్లకి ఇవ్వకూడదు, గుండె ఆగిపోవచ్చు.

ఇన్ని చెప్పండి, చెప్పండి అంటున్నాను. ఏ భాషలో చెబుతారు? మీకు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. కొండమీద నుంచి వచ్చినవాళ్లకి సవర. స్కాన్ ముందు సంతకం పెట్టించే కాగితం ఇంగ్లీషు. ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెబుతూ, జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని జీవితమంతా పోరాడారు. సవరలతో కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు రాశారు. ఆయన నడిచిన ఊళ్లో, చదవలేని కాగితం మీద వేలిముద్ర వేసి మన మనిషి డై ఎక్కించుకుంటున్నాడు. నాకు ఇది బాధగా ఉంది. నా చేతిలో ఉన్నంతవరకు నా గదిలో ఆ కాగితాన్ని మూడు భాషల్లోనూ చదివి వినిపిస్తున్నాను. సవర వచ్చిన నర్సు ఒకామె ఉన్నారు, ఆమె లేని రోజు ఫోనులో చెప్పిస్తాం.

మీరు చేయగలిగిందేమిటంటే, అరచేతంత అట్టముక్క. ఒకవైపు ఒడియా, తెలుగు, ఇంకోవైపు ఇంగ్లీషు. జబ్బు పేరు. మామూలు రోజున క్రియాటినిన్ ఎంత. వాడే మాత్రలు, వేళలు. వెల్లకిలా పడుకోగలరా. మింగగలరా. ఇంతకుముందు ఏదైనా డై పడకపోతే, అది ఏది. ఊరి నుంచి ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్తారో తెలియదు కదా, మీరే ఉండకపోవచ్చు. అట్ట మనిషి జేబులో ఉండాలి. అట్టలు ఆ బల్ల మీద పెట్టించాను, ఒడియాలో రాసిపెట్టడానికి మన టీచరుగారు ఇద్దరు కూర్చున్నారు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పమ్మా. అప్పకి మయస్థీనియా, గురువారం పొద్దున్న తొమ్మిదింటికి శ్రీకాకుళంలో డైతో సీటీ, ఏమీ తినొద్దన్నారు, మాత్ర వేయాలా వద్దా, అదేనా నీ ప్రశ్న? వేయాలి తల్లీ. ఇక్కడ నుంచి ఎన్నింటికి బయల్దేరుతున్నారు? ఐదున్నరకా? బయల్దేరే ముందు ఒక మాత్ర, రెండు గుక్కల నీళ్లతో. తర్వాత మాత్ర వేళ ఎప్పుడు? తొమ్మిదిన్నరా? అయితే అది కూడా దగ్గర పెట్టుకెళ్లు, స్కాన్ ఆలస్యమైతే టేబుల్ ఎక్కేముందే వేసెయ్యి, తొమ్మిదిన్నర దాటనివ్వకు. ఈ సాయంత్రమే ఆ సెంటరుకి ఫోన్ చేసి మయస్థీనియా అని చెప్పు, ఖాళీ కడుపు నిజంగా కావాలా అని అడుగు. రాసిన డాక్టరుగారి నంబరు ఉందా? ఇలా ఇవ్వు, డై అవసరమో కాదో నేనూ ఒకసారి ఆయనతో మాట్లాడతాను. గురువారం రాత్రికి శ్రీకాకుళంలో మీకు చుట్టాలెవరైనా ఉన్నారా?